టోక్యో నుంచి ఒసాకాకి... డబ్బా టీవీ దారి!

తిరుమల మెట్లెక్కి వచ్చినవాళ్లకి టోక్యోలోని అటాగో కొండను చూస్తే నవ్వొస్తుంది. ఎత్తు 26 మీటర్లే. మెట్లు 86. కానీ ఆ మెట్లు గోడకు ఆనించిన నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. సగం ఎక్కేసరికి నవ్వు పోయి ఆయాసం మొదలవుతుంది. 1634లో ఓ సమురాయ్ గుర్రం మీదే ఈ మెట్లెక్కి, పైన పూసిన ప్లమ్ కొమ్మను తెచ్చి షోగన్ చేతికిచ్చాడనీ, దాంతో అతని దశ తిరిగిందనీ కథ. అందుకే వీటికి 'పైకి తెచ్చే మెట్లు' అని పేరు. ప్రమోషన్ కోరుకునే ఉద్యోగులు వచ్చి మరీ ఎక్కుతుంటారు.

కొండ మీద ఓ గుడి, దాని పక్కనే ఎన్‌హెచ్‌కే ప్రసారాల మ్యూజియం ఉన్నాయి. 1925 జులై నుంచి టోక్యో రేడియో గొంతు వినిపించింది ఈ కొండ మీది నుంచే. 1956లో ఇక్కడ మ్యూజియం పెట్టారు. ప్రసారాల కోసమే వెలసిన మ్యూజియాల్లో ప్రపంచంలో ఇదే మొదటిదంటారు. టికెట్ లేదు. సోమవారం సెలవు. మెట్లు ఎక్కలేనివాళ్లకి లిఫ్టు కూడా ఉంది... కాకపోతే అలా వెళ్తే దశ తిరుగుతుందో లేదో చెప్పలేం!

టీవీ కథ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఇక్కడ ఓ తేదీ గుర్తుపెట్టుకోవాలి. 1964 అక్టోబరు. ఆ నెల 1న టోక్యో, ఒసాకాల మధ్య షింకన్‌సెన్ రైలు కూత పెట్టింది. 10న ఒలింపిక్స్ మొదలయ్యాయి. అదే ఏడాది ఎన్‌హెచ్‌కే ఇంజినీర్లు ఓ ప్రశ్న పట్టుకున్నారు. సినిమాహాల్లో తెర కళ్లనిండా కనిపిస్తుంది. ఇంట్లో టీవీ ఎందుకు కనిపించదు? పెద్ద తెర పెట్టి దగ్గరగా కూర్చుంటే బొమ్మలోని అడ్డగీతలు బయటపడిపోతాయి. అప్పటి టీవీలో గీతలు 525. అవి కంటికి ఆనకుండా ఉండాలంటే ఎన్ని కావాలని ఏళ్ల తరబడి లెక్కలు కట్టి 1125 దగ్గర ఆగారు. దానికే హైవిజన్ అని పేరు పెట్టారు. 1989లో రోజుకో గంట చొప్పున ఉపగ్రహం ద్వారా ప్రయోగాత్మక ప్రసారాలు మొదలయ్యాయి. 1991 నవంబరు 25 నుంచి అవి రోజుకు ఎనిమిది గంటలయ్యాయి. పదకొండో నెల, ఇరవై అయిదో తేదీ... 1125! జపాన్‌వాళ్లు ఆ రోజునే హైవిజన్ దినంగా ఎంచుకున్నారు.

ఇంతకీ ఆ బొమ్మ ఇళ్లలో కనిపించింది దేంట్లో అనుకుంటున్నారు? గోడకు వేలాడే పలకలో కాదు. వెనక పెద్ద బొజ్జ ఉన్న డబ్బా టీవీలో!

మనం ఎక్కని మెట్టు

ఈ మాట మన ఇళ్లలో చెబితే నమ్మడం కష్టం. ఎందుకంటే మనకు హెచ్‌డీ అంటే పలక టీవీయే. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్ని దూరదర్శన్ హెచ్‌డీలో చూపించే నాటికి మన దుకాణాల్లో పలక టీవీలు వరుస కట్టేశాయి. హైదరాబాద్ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ ముందు చాపలేసుకుని పెరిగిన కుటుంబాలు డబ్బా నుంచి నేరుగా పలకలోకి దూకేశాయి. మధ్యలో ఉన్న హెచ్‌డీ డబ్బాను దాదాపు ఎవరూ చూడలేదు.

చూసినవాళ్లు మాత్రం దాన్ని మరచిపోలేరు. గాజు లోపలి పూత మీద ఎలక్ట్రాన్ల ధార తగిలినచోటే వెలుగు. తగలనిచోట చీకటే. అందుకే రాత్రి దృశ్యాల్లో నలుపు నల్లగా ఉంటుంది. ప్రతి చుక్కా క్షణంలో వెలిగి ఆరిపోతుంది కాబట్టి బంతి ఎంత వేగంగా దూసుకెళ్లినా వెనక చెరిగిన మరక మిగలదు. గదిలో ఏ మూల కూర్చున్నా రంగు మారదు. బరువు సంగతంటారా... సోనీ 2004లో అమెరికాలో అమ్మిన 34 అంగుళాల హెచ్‌డీ ట్రినిట్రాన్ సెట్టు ఇంచుమించు 90 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తితే నడుములు పట్టేస్తాయి.

వంతెన కింద విడిభాగాలు

అటాగో నుంచి అకిహబరా ఎంతో దూరం కాదు. రైలు వంతెన కింద కిళ్లీకొట్టంత దుకాణాలు. ఒకదాంట్లో వైర్లు, ఇంకోదాంట్లో స్విచ్చులు, పక్కదాంట్లో రెసిస్టర్లు. మన కోఠీ గుజరాతీ గల్లీని శుభ్రంగా ఊడ్చి, నిశ్శబ్దంగా ఉండమని చెప్పినట్టు ఉంటుంది. పాత టీవీల్ని బతికించుకునేవాళ్లకి ఇలాంటి సందులే ఆసుపత్రులు. అయితే విడిభాగం కొనే ముందు వాళ్లు చేసే మొదటి పని, జబ్బు ఉందో లేదో తేల్చుకోవడం. ఎందుకంటే ఈ సెట్లలో సగం కంగారు జబ్బు లేకపోయినా వస్తుంది.

తెలుపు బొమ్మ వచ్చినప్పుడు ట్రినిట్రాన్ తెర మీద అడ్డంగా వెంట్రుకంత నీడగీతలు ఒకటో రెండో కనిపిస్తాయి. ట్యూబు పాడైందని బెంగపడి సెట్టు వదిలించుకున్నవాళ్లున్నారు. నిజానికి ఆ ట్యూబులో నిలువు తీగల జల్లెడ ఉంటుంది. అది అదిరిపోకుండా పట్టి ఉంచే సన్నని తీగల నీడే అది. అలాగే, 'పాత టీవీ కీచుమనేది, ఇది మాట్లాడట్లేదేంటి' అనే అనుమానం. మామూలు డబ్బాలో ధార సెకనుకు 15 వేలకు పైగా గీతలు గీస్తుంది. ఆ సన్నని కూత పిల్లల చెవులకు బాగా వినిపించేది. హెచ్‌డీ డబ్బాలో ఆ లెక్క 33,750. మనిషి చెవికి అందదు.

మూలల్లో ఆకుపచ్చ, గులాబీ మచ్చలు కనిపిస్తే మాత్రం పక్కన స్పీకరు పెట్టారేమో చూడాలి. అయస్కాంతం దగ్గరుంటే ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి. పెద్ద ట్యూబులకు భూమి అయస్కాంత శక్తే చాలు. సెట్టును తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పినా రంగు తేడా రావచ్చు. ఆన్ చేయగానే బుర్ర్‌మని వినిపించేది ఈ దోషాన్ని తుడిచేసే తీగచుట్ట. వెంటవెంటనే ఆపి వేస్తే అది పనిచేయదు. అరగంట చల్లారనివ్వాలి. అప్పటికీ ఆ శబ్దమే లేకపోతే దాన్ని నడిపే చిన్న థర్మిస్టర్ పోయినట్టు. అది కొద్దిపాటి ఖర్చుతో అయ్యే పనే.

స్టాండ్‌బై లైటు ఆగి ఆగి మెరుస్తుంటే కోపంతో ప్లగ్ పీకేయకుండా ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టాలి. ఏ భాగం మొరాయిస్తోందో సెట్టు ఆ అంకెలోనే చెబుతుంది. బొమ్మ అంచులు వంగిపోతే సోనీ సెట్లలో చాలావాటికి ఓ దొడ్డిదారి ఉంది. ఆపి ఉన్న సెట్టుకు రిమోట్‌తో వరసగా డిస్‌ప్లే, 5, వాల్యూమ్ పెంచే బటన్, పవర్ నొక్కితే మెకానిక్‌ల మెనూ తెరుచుకుంటుంది. అందులో ఏ అంకె మార్చినా పాతది కాగితం మీద రాసుకున్నాకే మార్చాలి. రాసుకోనివాళ్ల కథలన్నీ విషాదాంతాలే! వెనక మూత తీయడం మాత్రం తెలిసినవాళ్ల పని. పెద్ద ట్యూబులో దాదాపు 30 వేల వోల్టులుంటాయి. ప్లగ్ పీకేసినా అది వెంటనే పోదు.

పాత వీడియో గేముల కోసం హెచ్‌డీ డబ్బా కొనేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. ఇవి పాత బొమ్మను లోపల కొత్త కొలతకు మార్చుకుని చూపిస్తాయి. దాంతో నొక్కిన బటన్‌కూ కదిలే బొమ్మకూ మధ్య ఆలస్యం వస్తుంది. తుపాకీతో తెర మీద గురిపెట్టే ఆటలైతే చాలా సెట్లలో ఆడవే. అలాంటివాటికి చవకైన మామూలు డబ్బాయే మేలు.

ఒక్క అక్షరం

ఒసాకా వైపు వెళ్లే షింకన్‌సెన్‌లో హికారి ఎక్కితే దాదాపు గంటన్నరలో హమమత్సు. నొజోమి ఎక్కితే ఆగదు, జాగ్రత్త. ఊరు మలుగుపాము చేప వంటకాలకు ప్రసిద్ధి. ఇక్కడి కాలేజీలో 1926 డిసెంబరు 25న తకయనాగి కెంజిరో అనే యువ అధ్యాపకుడు గాజు ట్యూబు మీద ఒక్క అక్షరం మెరిపించాడు. 'ఇ'... పాత జపాన్ వర్ణమాలలో మొదటి అక్షరం. గీతలు 40. తైషో చక్రవర్తి కన్నుమూసి షోవా యుగం మొదలైందీ ఆ రోజే. ఇప్పుడు షిజుఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తకయనాగి పేరిట స్మారక భవనం ఉంది. నలభై గీతల నుంచి 1125 గీతల దాకా వచ్చింది గాజు ట్యూబుతోనే.

ఆ తర్వాత దాన్ని సాగనంపడానికి మాత్రం ఎంతో కాలం పట్టలేదు. తొలి హైవిజన్ ప్రసారాలు 2007 సెప్టెంబరులో ఆగిపోయాయి. 2008లో సోనీ ట్రినిట్రాన్ తయారీ ఆపేసింది. 2011 జులై 24న జపాన్‌లో చాలా ప్రాంతాల్లో అనలాగ్ టీవీ మూగబోయింది. 2001 నుంచి అక్కడ పాత టీవీ పారేయాలన్నా రుసుము కట్టాలి. అయినా జనం కట్టి మరీ పారేశారు. ఇప్పుడు ట్యూబు వెలుగు తగ్గిపోతే కొత్తది పోసిచ్చే ఫ్యాక్టరీ లేదు. మరో సెట్టు నుంచి తీసుకోవాల్సిందే.

అందుకే ఒసాకాలో ఓ సోబా నూడుల్స్ హోటల్ పై అంతస్తులో దొరికిన టీవీ గురించి డబ్బా ప్రేమికులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అది సోనీ 1980ల చివర్లో చేసిన 43 అంగుళాల సెట్టు. అమ్మకానికి వచ్చిన డబ్బా టీవీల్లో అతి పెద్దది. అమెరికాలో ధర 40 వేల డాలర్లు. బరువు దాదాపు 200 కిలోలు. నిజం చెప్పాలంటే ఇది హైవిజన్ కాదు. మామూలు ప్రసారాన్నే మెరుగుపరిచి చూపేది. కానీ ఇలాంటిది ఒక్కటైనా మిగిలిందా అని ఏళ్లుగా వెతుకుతున్నారు. షాంక్ మాడ్స్ పేరుతో వీడియోలు చేసే ఓ అమెరికన్ ఓ పాత ఫొటో ఆధారంగా ఆరా తీస్తే 2022లో ఇది బయటపడింది. హోటల్ ఉన్న భవనం కూల్చివేతకు సిద్ధంగా ఉంది. మరికొన్నాళ్లు ఆగితే ఇటుకలతో పాటే పోయేది. యజమాని సరేనన్నాడు. కిందికి దించి, పెట్టెలో భద్రంగా సర్ది, ఓడెక్కించారు. అమెరికాలో రంగులు సరిదిద్ది మళ్లీ వెలిగించారు. ఆ కథంతా 2024 డిసెంబరులో వీడియోగా వచ్చింది.

ఒసాకాలో సోబాకు కొదవలేదు. గిన్నె ముందు కూర్చున్న డబ్బా ప్రేమికుడి చూపు మాత్రం ఓసారి పైకెళ్లే మెట్లవైపు పోతుంది.