ఆగని పరుగు

మన సంఘాలలో కొందరి ఇండ్లలో ఇప్పటికీ పాత కార్లున్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఫియట్ అని మనము పిలుచుకొనే ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే నిలిచిపోయింది. అయినను తండ్రి కొన్న బండి అని, అమ్మితే ఇనుము ధర కూడా రాదని, దానితోనే నెట్టుకొస్తున్న కుటుంబాలు మాకు తెలుసు. అటువంటి ఒక బండి సంగతి ఈ నెల మీతో చెప్పాలని ఉన్నది.

వనస్థలిపురంలో మా సంఘస్థుడైన ఒక పెద్దాయనకు పాత ఫియట్ ఉన్నది. ఆయన భార్యకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్ వైపు డయాలసిస్‌కు తీసికొని పోవాలి. బస్సు మెట్లు ఎక్కలేదు, ఆటో కుదుపులు ఓర్చుకోలేదు. ఆమెకు ఆ కారే దిక్కు.

ఆ కారు కార్బురేటరు పెట్రోలు కారుతుంటే, ఆటోనగర్‌లో పని చేసుకొనే మేనల్లుడు వాడిన సోలెక్స్ కార్బురేటరు ఒకటి తెచ్చి బిగించాడు. మరునాటి నుండి కాలు పెడలు మీద నుండి తీసినా ఇంజను వేగము తగ్గలేదు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో గేరులో ఉన్న బండి ముందుకు తోసుకొని పోతుంటే ముసలాయన రెండు కాళ్లతో తంటాలు పడ్డాడు. తాళము తీసిన తరువాత కూడా ఇంజను నాలుగు కుదుపులు కుదిపి గాని ఆగేది కాదు. ఇరుగుపొరుగువారు “పిల్లవాడు చెత్త సామాను అంటగట్టాడు” అన్నారు. పెద్దాయన మిగిలిన కూలి ఆపేశాడు. కుర్రవాడు ఆ ఇంటి గడప తొక్కడము మాని, ఆదివారము ఆరాధనకు కూడా రావడము మానుకున్నాడు.

మేము దైవశాస్త్రపు డిప్లొమాకు పోకముందు రెండేండ్లు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకున్నాము. అందుచేత ఇద్దరి మాటలూ విని, తీర్పు చెప్పకుండా, బండి దగ్గరికి నడిచాము. కుర్రవానిని కూడా పిలిపించాము.

కార్బురేటరు పని ఇంతే: ఇంజను పీల్చే గాలిలో తగినంత పెట్రోలు కలిపి పంపడము. కాలు తీసినప్పుడు లోపలి రేకు తలుపు మూసుకొని, ఇంజను నిలిచి తిరగడానికి సరిపడేంత గాలినే పోనిస్తుంది. వేగము తగ్గడము లేదంటే గాలి ఎక్కువ పోతున్నదన్నమాట. ఎక్కడ నుండి పోతున్నదో వెదకాలి.

మొదట ఇంజనును బాగా వేడెక్కనిచ్చాము. చోక్ బొత్తాము పూర్తిగా లోపలికి నెట్టి, దాని తీగ కార్బురేటరు దగ్గర కూడా వెనుకకు వచ్చినదో లేదో చూశాము. వచ్చింది. తరువాత యాక్సిలరేటరు కడ్డీని కార్బురేటరు నుండి విడదీశాము. కొత్త సామాను బిగించినప్పుడు ఆ కడ్డీ పొడవు కుదరక రేకు తలుపును కొంచెము తెరిచి పట్టుకోవడము మామూలే. విడదీసినా వేగము తగ్గలేదు. మూడవదిగా ఐడిల్ మరను పూర్తిగా వెనుకకు తిప్పాము. అప్పటికీ అదే హోరు. డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్నని గొట్టమును చూస్తే బిగుతుగానే ఉన్నది.

తలుపు పూర్తిగా మూసుకున్నది గాని గాలి పోతున్నది. అంటే అది తలుపు నుండి కాదు, ప్రక్క సందు నుండి. కుర్రవాడు సబ్బునీళ్లు తెచ్చాడు. కార్బురేటరు అడుగున, మేనిఫోల్డుతో కలిసే అతుకు చుట్టూ కొంచెము కొంచెముగా పోస్తుంటే ఒకచోట నీళ్లు లోపలికి ఇంకిపోయాయి. వెంటనే ఇంజను శబ్దము మారి వేగము పడిపోయింది. దొంగ దొరికాడు.

విప్పి చూస్తే, ఎవరో ఎప్పుడో నట్లు అతిగా బిగించినందున కార్బురేటరు అడుగు రెండు చెవులూ వంగి ఉన్నాయి. బద్ద ఆనించి చూస్తే నడుమ సన్నని వెలుతురు కనబడింది. అది కంటికి తెలిసే లోపము కాదు. కుర్రవాడు మోసము చేయలేదు.

గాజు పలక మీద గరుకు కాగితము పరచి, అడుగును దాని మీద మెల్లగా రుద్ది చదును చేశాడు. కొత్త గాస్కెట్ వేసి, రెండు నట్లూ ఒకదాని తరువాత ఒకటి, కొంచెము కొంచెముగా బిగించాడు. ఐడిల్ మర, మిక్చరు మర మార్చి మార్చి తిప్పుతూ ఇంజను ఎదురు తిరగకుండా, నెమ్మదిగా, నిలకడగా తిరిగేటట్లు సర్దాడు. తాళము తీయగానే ఆగింది.

పెద్దాయన జేబులో నుండి డబ్బు తీశాడు. “ఒరేయ్ అల్లుడూ, నీ కూలి ఇదిగో. ఇతరుల మాట విన్నాను. మనసులో పెట్టుకోకు.” కుర్రవాడు డబ్బు తీసికోకుండా, “ముందు అత్తయ్యను ఎక్కించు మామయ్యా, టైము అయింది” అన్నాడు. ఆ మాటకు ఆమె కండ్లు తుడుచుకున్నది.

ఇటువంటి బండి ఉన్నవారికి రెండు మాటలు. అతుకు వెదకడానికి వేడి ఇంజను మీద పెట్రోలు చల్లవద్దు, అంటుకొంటుంది. సబ్బునీళ్లే చాలు. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఆరుబయటనే చూడండి. మూసిన షెడ్డులో పొగ ప్రాణము తీస్తుంది. ఈనాటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రములను పాడు చేయవచ్చు గనుక వాటిని ఏటేటా చూపించుకోండి. వేగము తగ్గని బండితో రోడ్డెక్కవద్దు.

మన ఇండ్లలో కూడా ఏదైనా చెడినప్పుడు, ఎవరు చెడగొట్టారని అడిగే ముందు, ఎక్కడ చెడిందో చూద్దాము. ఒక వేలెడు సందు కోసము ఒక పిల్లవానిని పోగొట్టుకోవడము తగదు.