కార్తికమున బందరు తీరము

ఋతువులలో శరత్తును మెచ్చని కవి యరుదు. వానలు వెనుకబట్టును, ఏటినీరు తేరును, పిండి యారబోసినట్లు వెన్నెల కాయును. మెట్టసీమలో పుట్టి పెరిగిన మేమును బాల్యమునుండి యీ ఋతువునే యధికముగా ప్రేమించితిమి. అయితే సముద్రతీరవాసులకు శరత్తన్న ప్రీతితోపాటు భయమును గలదని పెద్దలు చెప్పగా వినుచుంటిమి. ఆ భయమునకు కారణమును కన్నులార చూచి తెలిసికొనవలెనని, గత కార్తికమున బందరునకు పయనమైతిమి.

బెజవాడ విడిచినది మొదలు దారి కిరుప్రక్కల వరిచేలే. వెన్నులు పైకి తీసి పాలు పోసికొనుచుండెను. రైతుని సంవత్సరపు కష్టమంతయు పొలముననే నిలిచియుండు దినములవి. మబ్బు క్రమ్మెనేని ఆతని చూపు ముందుగా తూర్పుదిక్కునకే పోవును.

బందరు పురాతనమైన రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకము నిమిత్త మిచ్చటికి వచ్చిరి. ఈ ప్రాంతపు అద్దకపు వస్త్రములు దూరదేశములకు పోయెడివి. చేరువనున్న పెడనలో కలంకారీ పని నేటికిని జరుగుచున్నది. డచ్చివారి శ్మశానవాటికలో చెక్కడపు పని గల గోరీలు కలవు. వానిపై మృతుల పేర్లును, సంవత్సరములును, వంశచిహ్నములును చెక్కబడియున్నవి. ఎచ్చటనో పుట్టి యిచ్చట గిట్టిన వారి పేర్లు శతాబ్దములు గడచియు రాతిమీద నిలిచియుండుట చూచి మేము ఆశ్చర్యపడితిమి.

ఈ యూరనే 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, దీపావళి వెళ్లిన రెండు మూడు దినములకే, గాలివానతో సముద్రము పొంగి 13 అడుగుల యెత్తున భూమిపై బడెను. ఒకచోట నీరు 17 మైళ్లు లోనికి చొచ్చినది. మడసినవారు సుమారు 30,000 మంది యని యంచనా. మఱుసటి యేడు దండు సైతము బందరుకోటను విడిచిపోయెను. ఆ 30,000 మందిలో ఎందఱి పేర్లు మన మెఱుగుదుము? వారికి గోరీలు లేవు. రాతిమీద వ్రాతలు లేవు.

శరత్తున నైరృతిగాలులు తగ్గి ఈశాన్యగాలులు మొదలగును. అప్పటికిని బంగాళాఖాతపు నీరు వెచ్చగానే యుండును. ఆ వెచ్చదనమే వాయుగుండములకు బలము. తీరమున సముద్రము లోతు తక్కువ యగుటచే, గాలి త్రోసికొనివచ్చిన నీరు అడుగునకు పోజాలక పైకి లేచును. నేల పల్లము, అడ్డగించు కొండ లేదు. కావున నీరు ఊళ్లమీదికే నడచును.

బందరునుండి చల్లపల్లి, మోపిదేవిల మీదుగా పోయి, పులిగడ్డయొద్ద కృష్ణపాయను దాటి దివిసీమ చేరితిమి. కృష్ణ రెండు పాయలై సముద్రమున గలియుటచే నేర్పడిన లంక యిది. 1977 నవంబరు 19వ తేదీన నిచ్చట ఉప్పెన వచ్చెను. అదియు కార్తికమే. 10,000 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అవనిగడ్డ చెంత వారి స్మారకము కలదు.

సముద్రమునకు సమీపముననున్న యొక పల్లెలో వృద్ధుడొకడు మాకు మంచినీళ్లిచ్చి, “బాబుగారూ, గాలివాన వచ్చునని వినకపోలేదు. వినియు ఎక్కుటకు మా యూర మేడ యేది? అన్నియు తాటాకు టిండ్లే గదా!” యనెను. తన యింట ఎందఱు పోయిరో ఆతడు చెప్పలేదు, మేమును అడుగజాలమైతిమి.

ఆ వృద్ధుని ప్రశ్నకు ఉత్తరము ఆలస్యముగానైనను వచ్చినది. ఉప్పెన పిమ్మట తీరమున తుపాను రక్షణ భవనములు కట్టిరి. 1990 మే నెలలో కృష్ణ సముద్రమున గలియు తావునకు చేరువనే మఱియొక ప్రచండమైన తుపాను తీరము దాటెను. ముందుగనే 6 లక్షలకు పైగా జనులను సురక్షితస్థలములకు తరలించిరి. మృతులు వేయిమందికి లోపుననే యుండిరి. అదియు చిన్న సంఖ్య కాదు. అయినను 1977 నాటి నష్టముతో పోల్చినచో, ముందుచూపున కెంతటి బలము గలదో తెలియును.

ఆ పల్లెలోని రక్షణ భవనమును గూడ చూచితిమి. గోడల పెచ్చులూడియున్నవి, మెట్లనిండ గడ్డిమోపులు పేర్చియున్నవి. వాన వెలిసినంతనే గొడుగును మూల పడవేయుట మానవస్వభావము గదా! కాని కార్తికము ఏటేట వచ్చును.

విద్యార్థులారా! మీలో తీరగ్రామములవారు పలువురు కలరు. సెలవులకు మీ యూళ్లకు పోయినపుడు 1977 నాటి సంగతులను పెద్దల నడిగి, పోయినవారి పేర్లు వ్రాసికొనుడు. ఆ పెద్దలు నానాటికి తగ్గిపోవుచున్నారు. పిమ్మట నలుగురు కలిసి మీ యూరి రక్షణ భవనపు మెట్లమీది గడ్డిమోపులను తీసివేయుడు. పేరులేక పోయిన ఆ వేలమందికి మనము నిలుపదగిన స్మారకము ఇంతకంటె మేలైనది మాకు తోచకున్నది.