రోడ్స్ రేవుకు వెళ్లే ముందు

సెలవులకని గ్రీసులోని రోడ్స్ పటం ముందేసుకుని కూర్చున్నాను. ఏమేం చూడాలో రాసుకుందామంటే, ఎవరెవరు ఏలారో ముందుకొస్తోంది. 1309 నుంచి సెయింట్ జాన్ నైట్లు, 1522లో ఒట్టోమన్లు, 1912లో ఇటాలియన్లు. 1947లో గానీ ఈ దీవి గ్రీసులో కలవలేదు.

నైట్ల వీధిలో నేలంతా గులకరాళ్లు; రాతి గోడల మీద చెక్కిన వంశ చిహ్నాలు. అక్కడి నుంచి కాస్త నడిస్తే 1577 నాటి యూదుల ప్రార్థనా మందిరం, కహాల్ షాలోమ్. 1944 జులైలో ఈ రేవు నుంచే నాజీలు ఇక్కడి యూదులను ఓడలెక్కించి ఆష్విట్జ్ దారి పట్టించారు. వెళ్లినవాళ్లలో బతికి బయటపడింది కొద్దిమందే.

ఏలినవాళ్ల పేర్లు కోటగోడలు చెబుతాయి. కాపురమున్నవాళ్లను మాత్రం మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. రోడ్స్ వెళితే సముద్రానికి ఎన్ని రోజులైనా ఇవ్వండి. ఆ మందిరానికి ఒక్క పూట తప్పక ఇవ్వండి.