గోడ ప్రక్కన నిలిపిన కారు

ఈ వారము మా స్వంత తప్పును గూర్చి మీతో మాట్లాడవలెనని ఆశపడుతున్నాము. మీలో కొందరికి ఈ సంగతి సగమే తెలుసు. మిగతా సగము కూడా మీరు వినాలి.

మన సంఘములో పెరిగిన ఒక యౌవనస్థుడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తూ, ఎవరో వాడిన స్పోర్ట్స్ కారును అప్పు చేసి కొనుక్కున్నాడు. పసుపు రంగు, రెండే తలుపులు, నేలను రాసుకుంటూ పోయేటంత క్రిందికి ఉంటుంది. క్రిస్మస్‌కు ఊరు వచ్చినప్పుడు వాళ్ల సందులో ఆ కారు పట్టక, మన మందిరము గోడ ప్రక్కన నిలిపాడు. "అయ్యగారూ, మీ కళ్లెదుటే ఉంటుంది గదా" అన్నాడు. మేము కూడా ధీమాగా సరేనన్నాము.

23వ తేదీ తెల్లవారుజామున ప్రార్థనకు లేచి బయటికి వచ్చేసరికి వెనుక బంపరు చీలిపోయి ఉంది. ఎడమవైపు లైటు పగిలి ముక్కలు నేలమీద పడ్డాయి. పసుపు రంగు మీద బారెడు పొడవున నీలం గీత. గుద్దినవారు ఆగలేదు, చెప్పలేదు.

ఆ అబ్బాయి బాధపడ్డాడు గానీ చేయవలసిన పనులు వరుసగా చేశాడు. కారు కదపకముందే అన్ని వైపులనుండి ఫోటోలు తీశాడు. స్టేషనుకు వెళ్లి నమోదు చేయించాడు. ఇన్సూరెన్సు వారికి అదే రోజు ఫోను చేశాడు. మనలో బండ్లు ఉన్నవారు చాలామంది ఉన్నారు గనుక కొన్ని సంగతులు చెబుతున్నాము. గుద్ది పారిపోయిన బండి వలన ప్రాణము పోతే 2 లక్షలు, తీవ్రమైన గాయమైతే 50 వేలు ఇచ్చే ప్రభుత్వ పథకము ఉంది. కానీ అది మనుష్యులకే, బండి నష్టానికి వర్తించదు. గుద్దినవారెవరో తెలియకపోతే మన స్వంత పాలసీలోనే తీసుకోవాలి. అదైనా కేవలము థర్డ్ పార్టీ పాలసీ ఉంటే రూపాయి రాదు. క్లెయిము తీసుకుంటే, ఏ క్లెయిమూ లేని సంవత్సరాలకు ప్రీమియములో ఇచ్చే తగ్గింపు పోతుంది. ఆ అబ్బాయికి అప్పటికి 35 శాతము తగ్గింపు ఉంది.

అతడు ఈ లెక్కలు చూసుకుంటుండగా మేమేమి చేశామో తెలుసా? నీలం గీతను చూడగానే మా మనస్సు ప్రక్కింటాయన ట్రక్కు మీదికి వెళ్లింది. అది నీలం రంగే. కోతల కాలము గనుక రాత్రులు ధాన్యము తోలుతున్నాడు. పైగా మందిరము రేకుల నీళ్లు తన దొడ్లో పడుతున్నాయని రెండేండ్లుగా మాతో తగువు. ఆ సాయంకాలము పెద్దలతో టీ త్రాగుతూ, "ఎవరు చేశారో మాకు తెలుసులెండి" అని ఆయన పేరు చెప్పాము. పండుగ రోజుకల్లా ఆ మాట ఊరంతా తిరిగింది.

పండుగ మరునాడు కారును రాజమండ్రి షెడ్డుకు తీసుకొనిపోతే మేస్త్రీ ఒంగి చూసి, "ట్రక్కు మూల తగిలితే దెబ్బ ఇంకా పైన ఉండాలండీ. ఇది మోకాలి ఎత్తులో ఉంది. ఆటో బంపరు దెబ్బ" అన్నాడు. దారి పొడుగునా మేము నోరు మెదపలేదు. 22వ తేదీ రాత్రి మన మందిరానికి షామియానా, కుర్చీలు తెచ్చింది ఒక సామాన్ల ఆటో. దాని ఇనుప బంపరు నీలం రంగు. అది మన పెద్దలలో ఒకరిది. ఈసారి మాత్రము ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఆ రాత్రే ఆయన భార్యను వెంటబెట్టుకొని మా గుమ్మము ముందు నిలబడ్డాడు. వెనుకకు తీస్తూ చీకట్లో గుద్దాడట. ఆటో ఇన్సూరెన్సు గడువు దాటిపోయిందని భయపడ్డాడట. పరుల ఆస్తికి నష్టము కలిగినా 24 గంటలలోగా స్టేషనులో చెప్పాలన్న చట్టము ఆయనకు తెలియదు. "ప్రొద్దున్నే చెబుదామనుకున్నానండీ అయ్యగారూ. ఇంతలో మీరే ఆయన పేరు చెప్పేశారు. ఇక నా నోరు రాలేదు" అన్నాడు.

ప్రియులారా, ఆయన దాగుకొనుటకు చోటు చూపించినది మేమే.

పొరుగువానికి నష్టము కలిగించినవాడు తన పాపము ఒప్పుకొని, ఆ నష్టమంతా ఇచ్చి, దానిమీద ఐదవ వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండము ఐదవ అధ్యాయములో ఉంది. ఆయన స్టేషనుకు వెళ్లి జరిగినది చెప్పాడు. బాగుచేయుటకు 30 వేలయింది. అబ్బాయి క్లెయిము వెనక్కి తీసుకున్నాడు. ధాన్యము డబ్బులు వచ్చినప్పుడల్లా కొంత చొప్పున 36 వేలు కడతానని ఆయన ఒప్పుకున్నాడు. పై 6 వేలు వద్దని అబ్బాయి ఎంత చెప్పినా వినలేదు.

మరి మా లెక్క? మరునాడు ప్రక్కింటికి వెళ్లి తప్పయిందని చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "కారుకంటే ఇన్సూరెన్సు ఉంటుందండీ పాస్టరుగారూ. నా పేరుకేముంది?" అన్నాడు. మావద్ద జవాబు లేదు. పేరు చెప్పినది పెద్దల ముందు గనుక, ఆదివారము సంఘమంతటి ముందు నిలబడి ఒప్పుకున్నాము. ఆ వారములోనే మా ఖర్చుతో రేకులకు గొట్టము వేయించి నీళ్లు మన దొడ్డివైపు మళ్లించాము. మేము ఇవ్వగలిగిన ఐదవ వంతు అదే.

ఆయన ఇంకా మందిరానికి రాలేదు. దారిలో ఎదురైతే మాత్రము ఈమధ్య పలకరిస్తున్నాడు. మీలో ఎవరైనా చీకట్లో ఎవరికైనా నష్టము చేసి వచ్చి ఉంటే ఈ రాత్రే వెళ్లి చెప్పండి. గీత చూసి ఎవరి పేరైనా నోటిదాకా వస్తే, కొంచెము ఆగండి. ప్రభువు మన చేతులను, మన నోటిని కూడా కాయునుగాక. ఆమేన్.