బట్ నంబర్ 63 తప్పేం లేదు

ఐదు రౌండ్లు కాల్చాను. టార్గెట్ పేపర్ మీద మూడే రంధ్రాలు. ఒకటి నడుమకు కాస్త దగ్గరగా, ఒకటి బాగా కింద, ఒకటి పేపర్ అంచు మీద. మిగతా రెండూ వెనకాల మట్టికట్టలోకి పోయాయి.

“రైఫిల్ మంచిగ లేదు సార్” అన్నాను.

ఫైరింగ్‌లో తప్పిన ప్రతి ట్రైనీ మొదట అనే మాట ఇదేనట. మా ఆర్ఎస్ఐ సార్ నవ్వలేదు, తిట్టనూ లేదు. రైఫిల్ బట్టు మీద పెయింట్‌తో రాసిన నంబర్ చూసి, డైరీలో ‘63’ అని రాసుకున్నారు. “రేపు పొద్దున బల్ల దగ్గరికి రా అమ్మా. తప్పు రైఫిల్‌దో నీదో తేల్చుకుందాం” అన్నారు. వారం తర్వాత రెండో ఫైరింగ్. అందులోనూ ఇట్లనే అయితే నన్ను బ్యాచ్ నుంచి వెనక్కి పెడతారు.

ఇది 2024 ఎండాకాలం మాట. నేను కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో ఉన్నాను. మాది కొడకండ్ల. 2016లో జనగామ జిల్లా అయ్యేదాకా వరంగల్ జిల్లా. మాది మగ్గం ఇల్లు. సెలక్షన్ లిస్టులో నా నంబర్ కనిపించిన రోజు అమ్మ ఏడ్చింది, బాపు వాడకట్టంతా స్వీట్లు పంచాడు. నాయనమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. “తుపాకి గూడ ఇస్తరా?”

ఇస్తారన్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆమెను తప్పుపట్టలేను. మా దిక్కు తుపాకీ గురించి తెలుసుకోవడానికి సినిమాకి పోనక్కర్లేదు. పక్క మండలం దేవరుప్పుల. అందులోని కడవెండిలోనే 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అది నాయనమ్మకి వాళ్లమ్మ చెప్పిన కథ. ఇక ఆమె సొంత కథ వేరే ఉంది. రాత్రిపూట అన్నలు వచ్చి తలుపు కొడితే అన్నం పెట్టాలి. తెల్లారి పోలీసులు వచ్చి ఎందుకు పెట్టినవని అడిగితే జవాబు చెప్పాలి. “ఇద్దరి భుజాన తుపాకులే. నేనెవర్ని కాదంటనే బిడ్డా?” అంటుంది. ఆమె గుర్తుల్లో తుపాకీ అంటే మనిషి కాదు, పేరు కాదు, తలుపు దగ్గర నిలబడ్డ చప్పుడు.

సరే, బల్ల దగ్గరికి వద్దాం.

నా చేతికిచ్చింది ఎస్ఎల్ఆర్. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. మీరు గేముల్లో సెమీ ఆటోమేటిక్ అని చూస్తారే, అదే. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్కటే తూటా. ఆ తూటా వెనకాల పుట్టిన గ్యాస్‌లో కొంత పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది, ఖాళీ కేసు బయటికి ఎగిరిపోతుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా దానంతటదే పైకొచ్చి కూర్చుంటుంది. మళ్లీ కాల్చాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి. బెల్జియం వాళ్ల డిజైన్. మన దేశంలో 1960ల నుంచి ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేశారు. సైన్యం తర్వాత ఇన్సాస్‌కి మారింది కానీ ఇది పోలీసుల దగ్గర చాలాకాలం నిలిచిపోయింది. బరువు నాలుగు కిలోల పైమాటే. నాకంటే వయసులో పెద్దది. అందుకే తప్పు దాని మీదికి తోసేయడం నాకు తేలికైంది.

రేంజ్‌లో ఓ మూలకి మందపాటి చెక్కబల్ల ఉంది. రైఫిల్ సైటు సరిచేసేటప్పుడు వాడేది. దాని మీద ఇసుక సంచులు. నేను రైఫిల్‌ని సంచి మీద పడేసి గురి చూద్దామనుకున్నాను. అదే మొదటి తప్పు. బ్యారెల్‌ని సంచికి ఆనించకూడదట. తూటా పోయేటప్పుడు బ్యారెల్ వణుకుతుంది, దానికి ఏది తగిలినా తూటా పడే చోటు మారిపోతుంది. సంచి హ్యాండ్‌గార్డ్ కిందికి రావాలి. కింద వేలాడే మ్యాగజైన్ బల్లకి తగలకూడదు. బట్టు కింద ఇంకో చిన్న సంచి. ఎడమచేత్తో దాన్ని పిసికితే సైటు పైకీ కిందికీ వెంట్రుకవాసి కదులుతుంది. మోచేతులు బల్ల మీద, ఛాతీ నిటారుగా, చెంప ప్రతిసారీ బట్టు మీద అదే చోట.

“ఇప్పుడు కండ్లు మూసుకో” అన్నారు సార్. మూసుకున్నాను. రెండు శ్వాసలు. “తెరువు.” సైటు టార్గెట్‌కి ఎడమవైపు పోయింది! అంటే ఇంతసేపూ నేను రైఫిల్‌ని కండతో లాగి పట్టుకున్నానన్నమాట. కండ అలసిపోగానే వదిలేస్తుంది. కుర్చీ జరుపుకోవాలి, రైఫిల్‌ని కాదు. ఇది మూడుసార్లు చేస్తే గానీ కుదరలేదు.

ముందు సార్ కూర్చుని కాల్చారు. 100 మీటర్లు. ఐదు రౌండ్లు. పేపర్ తెచ్చి నా ముందు పెట్టారు. ఐదు రంధ్రాలూ నా అరచేతి కింద దాగిపోయాయి.

63 తప్పేం లేదు.

తర్వాత నేను కూర్చున్నాను. చేతుల వణుకు లేదు, బరువు మోసేది ఇసుక సంచి. ఇంక తప్పడానికి ఏముంది అనుకున్నాను. ఐదూ కాల్చాను. పేపర్ మీదికైతే వచ్చాయి కానీ మళ్లీ చెదిరే ఉన్నాయి, ఎక్కువ కిందికే. అప్పుడు నిజంగా భయమేసింది. ఇన్నాళ్లూ చేతుల్లో బలం లేదనుకున్నాను. బలం అక్కర్లేని చోట కూడా తప్పుతున్నానంటే నాలో ఇంకేదో ఉంది.

సార్ మ్యాగజైన్ తీసుకుని, నేను చూడకుండా నింపి ఇచ్చారు. మొదటి రౌండు పేలింది. రెండోదానికి ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. ‘టిక్’ అంది, అంతే. కానీ బ్యారెల్ మూతి ఇంత కిందికి మునిగింది! భుజం ముందుకి తోసేశాను, కళ్లు గట్టిగా మూసేశాను. పేలని తుపాకీకి.

నడుమ ఒక డమ్మీ రౌండు పెట్టారాయన. పేలినప్పుడు ఆ కుదుపులో కలిసిపోయి కనబడని నా తప్పు, పేలనప్పుడు బయటపడింది. సైటు చివర ఒక్క మిల్లీమీటరు కదిలితే 100 మీటర్ల దూరంలో అది సుమారు 18 సెంటీమీటర్లు. దాదాపు జానెడు. నేను కదిలించింది మిల్లీమీటరా?

“రైఫిల్ తన్నే తన్నుకు గురి తప్పుతుందనుకుంటరు అందరు. బోల్టు వెనక్కి కదిలేసరికే తూటా గొట్టం దాటిపోయి ఉంటది. నిన్ను చెడగొడుతున్నది తన్ను కాదమ్మా, తంతదేమో అని నువ్వు ముందే చేసే పని” అన్నారు సార్. తర్వాత అడిగారు, “చెవుల్లో ఏం పెట్టుకున్నవ్?”

దూది. ఆ రోజు మాకు దొరికింది అదే.

ఇక్కడ బాపు సంగతి చెప్పాలి. మా ఊళ్లో మగ్గం పని సన్నగిల్లినప్పుడు చాలామంది సూరత్, భీవండి పోయారు. బాపు సూరత్‌లో పదేళ్లు పవర్‌లూమ్‌ల నడుమ పనిచేశాడు. అక్కడ పక్కనున్నవాడితో మాట్లాడాలంటే అరవాలి. ఇప్పుడు ఇంట్లో మేం అరవాలి. చెవులు ఎలా పోతాయో చూసిన ఇంట్లో పుట్టి కూడా, 140 డెసిబెల్స్ దాటే చప్పుడు పక్కన దూది పెట్టుకుని కూర్చున్నాను. ఒంటికి తెలుసు, నాకే తెలియలేదు. సార్ తన ఇయర్ మఫ్స్ తీసిచ్చారు. పేలుడు ఎక్కడో దూరంగా తలుపు వేసినట్టు వినిపించింది. ఆ పూట మొదటిసారి కళ్లు మూయకుండా కాల్చాను.

వారమంతా రాత్రిళ్లు బ్యారక్‌లో ఖాళీ రైఫిల్‌తో ప్రాక్టీస్. ముందు ఛాంబర్ రెండుసార్లు చూపించాలి, ఆ తర్వాతే. బ్యారెల్ చివర రూపాయి బిళ్ల పెడుతుంది నా ఫ్రెండ్. బిళ్ల పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. మొదటి రోజు ఇరవైసార్లలో పందొమ్మిదిసార్లు పడింది. సగం ఊపిరి వదిలి ఆగడం, వేలితో గుంజకుండా బరువు కొద్దికొద్దిగా పెంచడం, ‘టిక్’ అన్నాక కూడా వేలిని కాసేపు అక్కడే ఉంచడం. ఆ చివరిదే అన్నిటికన్నా కష్టం. అయిపోయిందనగానే తల ఎత్తి చూడాలనిపిస్తుంది కదా, ఎక్కడ తగిలిందో అని.

ఇంకో చిన్న సంగతీ అక్కడే తెలిసింది. మొదటి తూటాని మన చేత్తో ఎక్కిస్తాం, మిగతావాటిని రైఫిలే ఎక్కించుకుంటుంది. చేత్తో ఎక్కించేటప్పుడు జాలిపడి మెల్లగా వదిలితే బోల్టు సరిగ్గా పడదు. పూర్తిగా వెనక్కి లాగి వదిలేయాలి, అంతే. అలా చేసినా మొదటిది మిగతా నాలుగింటికి కాస్త దూరంగా పడొచ్చు. దాన్ని చూసి కంగారుపడి సైటు మార్చొద్దన్నారు.

రెండో ఫైరింగ్‌లో బల్ల లేదు, పడుకుని కాల్చాలి. 63నే అడిగి తీసుకున్నాను. ఐదూ పేపర్ మీదే పడ్డాయి. నాలుగు దగ్గర దగ్గరగా, ఒకటి పైన. ఆ పైనది మొదటిదే అని మా ఫ్రెండ్స్‌తో ఇప్పటికీ వాదిస్తుంటాను.

సెలవుకి ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో ఆ పేపర్ ఫొటో చూపించాను. బాపు పెద్దది చేసి, దగ్గరగా పెట్టుకుని, చీర అంచులో పోగు తెగిందేమో చూసినట్టు చూశాడు. “ఈ ఒక్కటెందుకు దూరం పోయింది బిడ్డా?” అన్నాడు. బోల్టు సంగతి అరిచి చెప్పాను. నాయనమ్మ ఫోన్ వంక చూడలేదు.

“మనుషుల్ని గాల్చమంటే?” అంది.

కాగితమే కాల్చాం నాయనమ్మా అన్నాను. అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు. కాసేపు నా ముఖంలోకి చూసి లేచి, వంటింట్లోకి పోయి కంచం తెచ్చింది. ఇంట్లో ఇంకెవరూ కూర్చోకముందే నాకు అన్నం పెట్టింది.