పెద్దక్క ఇంట నాలుగు దినాలు

మేము నలుగురం తోబుట్టువులం. ఉద్యోగాల నిమిత్తం ముగ్గురం హైదరాబాదు, బెంగుళూరుల్లో స్థిరపడ్డాము. పెద్దక్క ఒక్కతే కోసిగిలో ఉండిపోయింది. గత జనవరి సెలవుల్లో ప్రభువు కృపవలన ముగ్గురం పిల్లలతో కలిసి ఆమె ఇంటికి వెళ్ళాము.

ఆదోని దాటగానే రైలు కిటికీలోంచి గుండ్ల కొండలు కనబడ్డాయి. మద్రాసు, బొంబాయి రైలుదారులు 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పటి మార్గమిది. మా ఊరివాళ్ళు కూలికి దూరదేశం పోయేదీ ఈ దారినే. సెలవుకు వచ్చిన మాకు ఆ సంగతి గుర్తురాలేదు.

ఎంత విశ్రాంతి! పొద్దున ఉగ్గాని, బజ్జీలు. రాత్రి జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి. మధ్యాహ్నం వేపచెట్టు నీడన మంచాలు. ఒకరోజు మంత్రాలయం దగ్గర తుంగభద్రలో దిగిన పిల్లలు సాయంత్రం దాకా నీళ్ళు వదలలేదు. తెలుగులో మొదలై కన్నడంలో ముగిసే అక్క మాటలకు పడిపడి నవ్వారు. అక్క పొయ్యి దగ్గర నుండి లేచిందే తక్కువ. అదీ మేము గమనించలేదు.

నాలుగో రాత్రి ఆమె గిన్నెలు, దుప్పట్లు, జొన్నలు మూట కడుతోంది.

"ఏందక్కా ఇది?"

"గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి పోవల్ల. తక్కినోళ్ళు పోయి వారమాయె. మీరొస్తారని నిలబడితి."

పత్తి సరిగా పండలేదట, అప్పు మిగిలిందట. ఫోనులో ఒక్క మాట చెప్పలేదు. డబ్బిస్తాము, పోవద్దన్నాము.

"ఇయ్యండి, వద్దనను. అయినా పోవల్ల. మేస్త్రీ దగ్గర దుడ్డు ముందే తీసుకుంటి."

తెల్లవారి స్టేషనులో రొట్టెల మూటతోపాటు ఇంటి తాళంచెవి మా చేతిలో పెట్టింది. "ఈస్టరుకు వస్తే, నేను లేకున్నా తలుపు తీసుకోండి."