ఫ్లెక్సీ మీద కనబడని ఇల్లు



పదో తరగతి ఫలితాలు వచ్చిన ఆదివారం మేము ఒక తప్పు చేశాం. మంచి మార్కులు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి దండలు వేసి ప్రార్థించాం. వాళ్లలో జగిత్యాలలో ప్రైవేటు బడిలో చదివిన మా అమ్మాయి కూడా ఉంది. "మంచి బడిలో వేస్తే ఇలాంటి దీవెన వస్తుంది" అని చెప్పాం.

ఆరాధన అయ్యాక ఒక చెల్లెమ్మ ఆగింది. భర్త దుబాయిలో ఉన్నాడు, ఆమె బీడీలు చేస్తుంది. "అయ్యగారూ, మా పిలగాన్ని గూడ ఆ బడిలనే ఏస్త. కమ్మలు కుదువ పెడ్త. నూటికి నూరు పాసని ఫ్లెక్సీల రాసిన్రు గదా" అంది.

ఆ సాయంత్రం వాళ్లింటికి ప్రార్థనకు వెళ్లాం. ఒకటే అర్ర. తల్లి ఒళ్లో చాట, పక్కన తునికాకు. బాబు పుస్తకం మూసి బీడీల కట్టలు కడుతున్నాడు. మా అమ్మాయికైతే చదువుకునే బల్ల ఉంది, రాని లెక్క చెప్పే డిగ్రీ చదివిన తల్లి ఉంది. మార్కుల్లో చాలావరకు ఇంట్లోనే పుట్టాయి. మేము పేరంతా బడికి కట్టబెట్టాం.

1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం ఆరు లక్షలకు పైగా పిల్లలను పరిశీలించింది. చదువులో తేడాలకు బడి వసతుల కన్నా కుటుంబ పరిస్థితే పెద్ద కారణమని తేల్చింది. బడి అక్కరలేదని కాదు. ఇంట్లో ఆసరా లేని బిడ్డకు మంచి టీచరు ఇంకా ఎక్కువ అవసరం.

"కమ్మలు ఉంచుకో చెల్లెమ్మా, ఊరి బడిలోనూ మంచి సార్లు ఉన్నారు" అన్నాం. ఆమె నెమ్మదిగా, "మీ బిడ్డ ఆడ్నే సదివింది గద అయ్యగారూ" అంది. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి మోషే గుర్తుకొచ్చాడు. హెబ్రీయుల మగబిడ్డలను నదిలో వేయమన్న కాలంలో, అతడు ఫరో కుమార్తె ఇంట పెరిగి ఐగుప్తు విద్యలన్నీ నేర్చాడు (అపొ. కా. 7:22). అతడు ఆ ఇంటిని సంపాదించుకోలేదు. అది అతనికి దొరికింది. పెద్దవాడైనప్పుడు బయటికి వెళ్లి తన సహోదరుల భారాన్ని చూశాడు (నిర్గమ. 2:11). దొరికిన ఇల్లు ఎందుకో అక్కడ అర్థమవుతుంది.

ఇప్పుడు మన వెల్గటూర్ మందిరంలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు లైట్లు వెలుగుతున్నాయి. అమ్మగారు లెక్కలు చెబుతున్నారు. ఆ బాబు వస్తున్నాడు, కొన్ని రోజులు పని ఎక్కువై రాలేకపోతున్నాడు. చదువుకున్న సహోదరులారా, వారానికి ఒక్క సాయంత్రం ఇవ్వండి. మీ ఇంట్లో మీ పిల్లలకు దొరికేది అక్కడ మరొకరి బిడ్డకు దొరకాలి.

ప్రభువా, మాకు ఉచితంగా ఇచ్చినదాన్ని మా గొప్ప అనుకున్నందుకు క్షమించు. ఆమేన్.